రెండు దర్వాజల సర్వర్

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే రోజులవి. కామారెడ్డిలో ఓ కంప్యూటర్ సెంటర్‌లో నాకు కొత్తగా కొలువు దొరికింది. పొద్దున్నే ఎల్లారెడ్డిలో బస్సెక్కి, కండక్టర్‌కు కూడా "నేను కంప్యూటర్ ఇంజనీర్‌ను" అని చెప్పేవాణ్ని. (ఆ అన్న అడిగింది చిల్లర.) మా అవ్వ అప్పటికే వాడకట్టంతా చాటేసింది. నాది మూడు నెలల పరీక్ష కొలువని, అందులో రెండున్నర గడిచిపోయాయని ఆమెకు తెలియదు.

మా సెంటర్‌లో ఒక సర్వర్, రెండు గదుల్లో పదేసి కంప్యూటర్లు. పాఠాల ఫైళ్లన్నీ సర్వర్‌లోనే ఉండేవి. వాటిని చిన్న కంప్యూటర్లు తమ సొంతవే అన్నట్టు తెరుచుకునేలా కలపడాన్ని మౌంట్ చేయడం అనేవాళ్లం. రెండో గది కొత్తది. దానికోసం సర్వర్‌కు వైరు తగిలించే కార్డు ఇంకొకటి బిగించాం కాబట్టి సర్వర్‌కు గదికొకటి చొప్పున రెండు అడ్రసులయ్యాయి. నేను మాత్రం మొదటి గదిలో నడుస్తున్న పాత అడ్రసునే రెండో గదిలోనూ శ్రద్ధగా రాసిపెట్టాను. ఇంకేముంది, ఒక్కటీ మౌంట్ కాలేదు. సర్వర్ పలకడం లేదని తెర మీద ఒకటే పాట.

"ఎల్లుండి పిల్లలకు పరీక్ష. రేపు పొద్దుగూకేవరకు కాలేదనుకో, ఎల్లారెడ్డి బస్సెక్కు, మల్ల ఇటు రాకు," అన్నారు మా సార్.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేను తప్పును వైర్ల మీదికి నెట్టాను. ఆ వైర్లు గుంజింది మేమంతా వైర్ల చాచా అని పిలుచుకునే పెద్దాయన. అందరి ముందు "నీ వైరే ఖరాబున్నది చాచా" అనేశాను. ఆయన కోప్పడలేదు. సామాను సంచిలో వేసుకుని, "నా వైరు అబద్ధమాడదు బిడ్డా," అని వెళ్లిపోయాడు. వైర్లన్నీ మార్చి చూశాను, లాభం లేదు. మర్నాడు మధ్యాహ్నం ఆయన ఇంటికి బయల్దేరాను. క్షమాపణకే వెళ్లానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను గానీ, నిజానికి ఇంకో దిక్కు లేక వెళ్లాను.

వాళ్లది సందు మూలమీది ఇల్లు. బయటి మగవాళ్లకు రోడ్డు వైపు దర్వాజ, ఇంటివాళ్లకు సందు వైపు దర్వాజ. నేను రోడ్డు వైపు తలుపు కొట్టి "చాచా!" అన్నాను. సందులోంచి ఓ ఆడగొంతు, "నమాజుకు పోయిండు, కూసో," అంది. ఎవరింటి మాటో అనుకున్నాను. నేను పిలిచింది ఈ తలుపును కదా! మళ్లీ కొట్టాను. మూడోసారికి చాచీ, అంటే చాచా భార్య, సందు మలుపులోంచి తొంగి చూసింది.

"ఏం పిలగానివయ్యా! నువ్వు ముంగట కొడుతున్నవ్, నేను ఇటుకెల్లి జవాబిస్తనే ఉన్న. ఇనవేంది?"

మా రెండో గదిలో జరుగుతున్నది కూడా ఇదే! కంప్యూటర్లు పాత అడ్రసును పిలుస్తున్నాయి. సర్వర్ వాటి వైపున్న రెండో కార్డు నుంచి జవాబిస్తోంది. మేం పిలిచింది నిన్ను కాదు పొమ్మని అవి ఆ జవాబును పారేస్తున్నాయి. "దొరికింది చాచీ!" అని అరుస్తూ పరుగెత్తాను. (ఏం ఎత్తుకుపోతున్నానోనని ఆమె వెంటనే గడప దగ్గర చెప్పులున్నాయో లేదో చూసుకుందట.)

రెండో గదిలో రెండో అడ్రసు రాయగానే పదికి పదీ మౌంటయ్యాయి. కొలువు నిలిచింది. ఆ సంబరంలో క్షమాపణ సంగతి వారం దాకా గుర్తు రాలేదని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

అవ్వ చేసిన సర్వపిండి పట్టుకుని వెళ్లి, రోడ్డు వైపు దర్వాజలో తలవంచుకుని నిలబడ్డాను. "తప్పు నాదే చాచా, వైరుది కాదు."

చాచా సర్వపిండి అందుకున్నాడు. "గా ముచ్చట వైరుకు చెప్పు," అని ఫక్కున నవ్వాడు. అంతలో సందు వైపు నుంచి చాచీ గొంతు. "పిలగాన్ని గాడనే నిలవెట్టినవా? ఇటుకెల్లి రమ్మను, ఇంటోడే గదా!"

ఈసారి ఒక్క పిలుపుకే విన్నాను.

ఇప్పుడు నా తల నెరిసింది. అడిగినా ఇంజనీర్నని చెప్పను. కానీ జవాబు పక్కనుంచే వస్తుంటే వినకుండా, మూసిన తలుపును పట్టుదలగా కొడుతున్న ఆ పిల్లగాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడు కాస్త ముద్దొస్తాడు కూడా.