ఏ ఇసుకో రాయలేదు

మా శాఖా గ్రంథాలయంలో గింజల నిల్వ గురించి ఒక పాత పుస్తకం ఉంది. పప్పుదినుసులకు పురుగు పట్టకుండా పొడి ఇసుక కలిపి పెట్టమని అందులో ఉంది. ఏ ఇసుకో రాయలేదు. రాసినాయన సముద్రం ఎప్పుడూ చూసి ఉండడని నా అనుమానం. మా వాకాడు తీరం వైపు ఇంకెవరైనా ఆ పేజీ చదివి నేను చేసినట్టే చేయగలరు. అందుకని ఇది రాసిపెడుతున్నాను. పుస్తకం అంచున పెన్సిలుతో రెండు ముక్కలు రాయబోతే లైబ్రేరియన్ గారు ఒప్పుకోలేదు. అంచులో పట్టే సంగతీ కాదు.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా గ్రంథాలయంలో నాకు నేను చదువుకున్నదే. నేలలు, గ్రహణాలు, చేపల జాతులు, ఏది దొరికితే అది చదివాను. అందువల్ల ఇంట్లో ఎవరు ఏ పని మొదలుపెట్టినా దాని మీద నాకొక మాట తోస్తుంది.

మినుములు మా చేనివి. వరి కోసిన తడి మీద చల్లిన చివరి పంట. ఆ వేసవిలోనే చేను రొయ్యల గుంటకు లీజుకు ఇచ్చేశాము. ఇక అందులో మినుము మొలవదు. మా మామ బతికినన్నాళ్ళూ గారెలు ఆ చేని మినుములతోనే కావాలనేవాడు. అంగడి పప్పుతో చేస్తే సగం తిని పక్కన పెట్టేవాడు. కార్తీకంలో వచ్చే ఆయన తద్దినానికని అత్త మూడు శేర్లు ఎత్తిపెట్టింది. ఇంట్లో మిగిలిన మినుములు అవే.

"బూడిద కలిపి డబ్బాలో పోసిపెట్టు మే," అంది నాతో.

గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో బూడిద ఎక్కడిది? నేను పుస్తకం సంగతి చెప్పాను. ఇసుక గింజల మధ్య సందులు నింపుతుందని, పురుగుకు తిరిగే చోటుండదని వివరించాను. అత్త మొత్తం విన్నది.

"చదువుకున్నదానివి. నీ ఇష్టం," అంది.

దాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను.

ఇసుక అంటే మాకు సముద్రపు ఇసుకే. స్వర్ణముఖి ఏటి ఇసుక తెప్పించుకోవచ్చన్న ఆలోచనే రాలేదు. బకెట్టుతో తెచ్చి, రెండు రోజులు ఎండబెట్టి, కలిపాను. ఉప్పు ఎంత ఎండినా మళ్ళీ తేమ పీలుస్తుందని నేను చదివే ఉన్నాను. అది వేరే పుస్తకంలో.

తద్దినానికి ముందురోజు పొద్దున డబ్బా తెరిచాను. పురుగు ఒక్కటి లేదు. అంతవరకు పుస్తకం మాట నిలబడింది. కాని ఇసుక చెమ్మగిల్లి ముద్దలు కట్టింది. జల్లెడ పడితే ఇసుక కిందికి పోయింది, మినప గింజంత ఆల్చిప్ప పెంకులు మినుములతో పాటు పైనే ఉండిపోయాయి. చేటలో చెరిగితే రెండూ కలిసే ఎగిరాయి, కలిసే పడ్డాయి.

"ఇట్లా తీసుకరా. పళ్ళెంలో పోసుకోని ఏరుకుందాం," అంది అత్త. "నల్లంగా ఉన్నప్పుడే ఏరాల."

"మూడు శేర్లు ఏరేసరికి పొద్దుగూకుతుంది అత్తా. నీళ్ళలో గాలిస్తే బరువుండేది అడుక్కి పోతుంది."

"పెంకు రాయి గాదు మే."

నేను సాంద్రత గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె చేట కింద పెట్టి లేచిపోయింది.

నానబోశాను. మధ్యాహ్నం రుద్ది పొట్టు కడిగేసి, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వంచుతూ గాలించాను. ఇసుక బుద్ధిగా అడుగున మిగిలింది. నేను సంతోషపడుతూ పప్పులో చేయి పెడితే వేళ్ళకు గరుకు తగిలింది. పెంకులు పలచనివి. నీటి ఊపుకు పప్పుతో కలిసి వచ్చేశాయి. పొట్టు పోయాక పప్పు తెలుపు, పెంకూ తెలుపే. నల్లగా ఉన్నప్పుడే అని ఆమె ఎందుకన్నదో అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు.

అత్త గిన్నెలోకి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంక యాడ తెస్తాం మే," అంది.

అప్పుడే కోట ఊరి నుంచి మా తోడికోడలు దిగింది. నాకన్నా పెద్దది, నా చదువంటే ఆమెకు నవ్వులాట.

"తెల్ల పప్పులో తెల్ల పెంకులా! ఈ గారె ఏ పుస్తకంలో ఉండాదమ్మా?" అంది. "మామవి కట్టుడు పళ్ళేలే, ఆయనకేం గాదు. తినే మాకే కష్టం."

అంటూనే గుప్పెడు పప్పు స్టీలు పళ్ళెంలో వేసి అటూ ఇటూ ఆడించింది. నానిన పప్పు చప్పుడు చేయలేదు. ఎక్కడో ఒకచోట పెంకు కీచుమంటూ పళ్ళేన్ని గీసింది. చప్పుడైన చోట వేలితో తడిమి తీసింది. నాకు తోచవలసిన ఉపాయం ఆమెకు తోచడం ఆ రోజు నాకు జరిగిన రెండో అవమానం.

ఎదురింటి అక్కను కూడా పిలిచాము. టీవీలో క్రికెట్ చూస్తున్న మా ఆయనను ఆపెయ్యమన్నాము.

"పప్పు ఏరేదానికి టీవీ ఎందుకాపాల?" అన్నాడు.

"వినాల," అంది తోడికోడలు.

ఫ్యాను కూడా ఆపి, నలుగురం నాలుగు పళ్ళేలు పెట్టుకుని, ఉక్కలో చెవులు రిక్కించి గుప్పెడు గుప్పెడుగా విన్నాము. పొద్దుగూకేదాకా మాటల్లేవు.

మరునాడు మొదటి గారెలు మామకు విస్తట్లో పెట్టాము. తర్వాత బావగారు కొరికాడు. అత్త ఆయన దవడ వంకే చూసింది. ఆయన నమిలాడు, మింగాడు, ఇంకోటి వెయ్యమన్నాడు. నా వంతుకు రెండో గారెలో పంటి కింద కరకరమంది. ముఖం కదలకుండా మింగేశాను.

సాయపడిన వాళ్ళ పేర్లు రాసి కృతజ్ఞతలు చెప్పాలనుకున్నాను. పేర్లొద్దన్నారు. తద్దినానికి వచ్చిన బంధువులు చదివితే ఆ గారెలు మళ్ళీ నోట్లో గుర్తుకొస్తాయట. కాబట్టి పేర్లు లేకుండానే మా తోడికోడలికి, ఎదురింటి అక్కకు, మ్యాచ్ చివరి ఓవర్లు వదులుకున్న మా ఆయనకు నా కృతజ్ఞతలు. అత్తకు నోటితోనే చెప్పబోయాను. ఆమె ఖాళీ డబ్బా కడిగి ఎండలో బోర్లిస్తోంది.

"ఆ మినుములు అయిపోయినాయి గదా, ఇంక దేనికిలే," అంది.