కుక్కకు కత్తెర పెట్టింది నేనే

మా పక్కింటి భాయ్ కుక్క బొచ్చు కత్తిరించింది నేనే. ఈ ఒక్క మాట ఐదేళ్లు దాచాను.

అది భాయ్ గొర్రెల వెంట పొద్దంతా పరుగెత్తే జూలు కుక్క. ఆ ఎండాకాలం మొదట్లో గొర్రెల బొచ్చు కత్తిరించే తాత భాయ్ ఇంటికి వచ్చాడు. ఆయన అన్నానికి లేవగానే, నాలుక వేలాడేసి రొప్పుతున్న కుక్కను చూసి నాకు జాలేసింది. గొర్రెకు చల్లగా ఉంటే కుక్కకు మాత్రం ఉండదా అనుకుని కత్తెర అందుకున్నాను. దానికి చక్కిలిగింత, నాకు నవ్వు. అది కొట్టం చుట్టూ ఉరికింది, నేను దాని వెనక ఉరికాను, బొచ్చంతా గాల్లో ఎగిరింది. చివరికి తల మీద, తోక మీద తప్ప జూలు మిగల్లేదు.

భాయ్ వచ్చి నోరు తెరిచాడు. "యా అల్లా! ఇదేందప్పా, సింహమా?"

"తాత గొర్రె అనుకున్నట్టుండాడు భాయ్," అనేశాను.

వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. "నాకు గొర్రేదో కుక్కేదో తెలీదా?" అని తాత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. మళ్లీ ఆయన్ను మా ఊరు పిలవలేదు. రెండు రోజులకే కుక్క వీపు ఎండకు కమిలింది. దానికి గొడుగు ఆ బొచ్చేనని అప్పుడు తెలిసింది. అప్పటినుంచి ప్రతి వేసవిలో నేనే దాని జూలు దువ్వుతాను, చెవుల్లో పిడుదులు ఏరుతాను.

మొన్న మైదుకూరు సంతలో తాత కనబడ్డాడు. "ఏమప్పా, మీ ఊర్లో కుక్కలన్నీ బాగుండాయా?" అన్నాడు. పక్కనే ఉన్న భాయ్ చెయ్యి పట్టుకుని ఆయన ముందుకు లాగాను.

"తాతా, ఆ పొద్దు కుక్కను కత్తిరించింది నేను. నింద నీ మీద ఏసినా. శానా తప్పు చేసినా, మన్నించు."