ఎడమ చెయ్యి దించలేదు

నా పాత స్నేహితుడి గురించి ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా రాస్తారు. జాతీయ స్థాయిలో పతకం గెలిచిన ఈ బాక్సర్ అమెచ్యూర్ రోజుల్లో ఒకే ఒక్కసారి నాకౌట్ అయ్యాడని, అదీ మొదటి రౌండులోనే అని. కారణం కూడా రాస్తారు, ఎడమ చెయ్యి దించాడని. అతనే చెప్పుకున్నాడు కాబట్టి ఎవరూ అనుమానించలేదు. కానీ అది నిజం కాదు. ఇన్నేళ్లూ ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అమీర్‌పేటలో గోడలు కనిపించకుండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులవి. నేను గుంటూరు నుంచి వచ్చి మధురానగర్ హాస్టల్లో ఉంటూ జావా నేర్చుకునేవాణ్ణి. క్లాసు తొమ్మిదింటికి. అంతకుముందు పంజాగుట్టలో ఒక మేడ మీది రేకుల షెడ్డులో బాక్సింగ్. అతనిది బోరబండ. వాళ్ల నాన్న మగ్గం వదిలేసి సిరిసిల్ల నుంచి వచ్చిన దర్జీ. అతనూ పంజాగుట్టలోనే ఒక టైలరింగ్ షాపులో ప్యాంట్లు కుట్టేవాడు. నాకంటే రెండేళ్లు చిన్న. ఆటలో మాత్రం నేను అతని దరిదాపుల్లో లేను.

మాకు నేర్పే ఉస్తాద్ బస్ డిపోలో మెకానిక్. ఆయన దగ్గర రెండే కట్టుబాట్లు. తను లేనప్పుడు ఎవరూ ఎదురెదురుగా నిలబడి ఆడకూడదు. తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణం స్పృహ తప్పినా నాలుగు వారాలు గ్లవ్స్ ముట్టుకోకూడదు. ఈ రెండోది ఆయన పెట్టింది కాదు, ఆట నియమాల్లోనే ఉంది.

రాష్ట్ర ఎంపిక పోటీలకు ఐదు రోజుల ముందు ఉస్తాద్‌కు పొద్దున డ్యూటీ పడింది. తలకు పెట్టుకునే గార్డులు ఆయన పెట్టెలో, తాళం వేసి ఉన్నాయి. షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. రెండు రౌండ్లు ఆడదామని అన్నది నేనే. అంతకు ముందురోజు అతను అందరి ముందూ, "జర గట్టిగ కొట్టన్నా, గిది కీబోర్డ్ కాదు" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు రాత్రంతా నన్ను వదల్లేదు.

సగం బలంతోనే కొట్టుకోవాలని ఒప్పుకున్నాం. రెండో రౌండులో నేను మొత్తం బలంతో కొట్టాను. చెవి పైన తగిలింది. అతను వెల్లకిలా పడ్డాడు. తల సిమెంటు నేలకు కొట్టుకుంది. కళ్లు తెరిచే ఉన్నాయి, వాటిలో చూపు లేదు. పది లెక్కపెట్టేంతసేపు అలాగే ఉన్నాడు. తర్వాత లేచి కూర్చుని ఏమైందని అడిగాడు. చెమటకి కాలు జారిందన్నాను. కాసేపటికి మళ్లీ అదే అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. అతనికి దెబ్బే కాదు, మేం ఆడిన సంగతే గుర్తు లేదు.

అతని అవకాశం పోకూడదనే దాచానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. తెలిస్తే ఉస్తాద్ నన్ను గెంటేస్తాడని భయపడ్డాను, అంతే.

పోటీ రోజు డాక్టర్ ఒక్కొక్కరినీ పరీక్ష చేసి రింగులోకి దిగొచ్చని వాళ్ల పుస్తకంలో సంతకం పెడుతున్నాడు. నెల రోజుల్లో తలకేమైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. లేదు సార్ అని నా స్నేహితుడు నిజాయితీగా చెప్పాడు. పక్కన తువ్వాలు పట్టుకుని నేనున్నాను. డాక్టర్ తన పెన్ను విదిలించాడు, అయినా అది రాయలేదు. చెయ్యి చాచాడు. నా జేబులోని పెన్ను తీసి ఇచ్చాను. ఆ సంతకం నా పెన్నుతో పడింది.

మొదటి రౌండులో అవతలివాడు కొట్టింది మామూలు దెబ్బ. నా స్నేహితుడి ఎడమ చెయ్యి చెంప దగ్గరే ఉంది. అయినా పడిపోయాడు. రెఫరీ పది లెక్కపెట్టేదాకా లేవలేదు. వారం రోజులు బోరబండ టీ కొట్టులో ఒకటే వెక్కిరింత, వీడు ఫ్యాన్ గాలికి సుత పడిపోతడని. అంత చిన్న దెబ్బకు ఎందుకు పడ్డాడో అతనికి అంతుబట్టలేదు. నాకు తెలుసు, షెడ్డులో తలకు తగిలిన దెబ్బ ఇంకా మానలేదని. ఒకరోజు షాపులో మిషన్ ఆపి నన్ను అడిగాడు.

"నువ్వు దగ్గర్నుంచి చూసినవ్ గదన్నా. ఎడమ చెయ్యి దించిన్నా?"

"కొంచెం దించావు," అన్నాను.

మొదటి అబద్ధం భయంతో చెప్పాను. ఇది మాత్రం ఆలోచించి చెప్పాను.

తర్వాత మూడేళ్లు అతను రింగులోకి దిగలేదు. నాకు ఉద్యోగం వచ్చింది, ఆట మానేశాను. అతను తిరిగి వచ్చినప్పుడు ఎడమ చెయ్యి చెంపకు కుట్టేసినట్టు ఆడేవాడు. పతకం అలాగే గెలిచాడు. ఆ ఓటమే అతన్ని గట్టిపరిచిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తనలో లేని లోపాన్ని సరిదిద్దుకోవడానికి ఒక మనిషి మూడేళ్లు పోగొట్టుకున్నాడు.

పోయిన నెల ఒక పొద్దున ఆ షెడ్డుకే వెళ్లాను. ఇప్పుడు అక్కడ నేర్పేది అతనే. అప్పుడు కూడా ఎవరికో ఎడమ చెయ్యి దించొద్దని చెబుతున్నాడు. పక్కకు పిలిచి అంతా చెప్పాను. చివర్లో అడిగాడు.

"ఎంతసేపు పడున్న?"

"పది లెక్కపెట్టేంతసేపు."

"రింగుల చెయ్యి?"

"దించలేదు. అస్సలు దించలేదు."

చాలాసేపు తన ఎడమ చేతినే చూసుకున్నాడు. క్షమించమని అడగబోతే వద్దన్నట్టు తల ఊపాడు.

"రాసియ్యన్నా. నాకెట్లాగు యాది లేదు."

అందుకే రాశాను. దీన్ని ముందు ఉస్తాద్‌కు చదివి వినిపించాలి. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా లేదు, చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. ఈ ఆదివారం వెళుతున్నాను. ఆయన గెంటేస్తే గెంటేయనీ. ఆ రోజే గెంటేయాల్సిన మనిషిని నేను.