నూకరత్నం మేడం గోళ్ళరంగు

గోళ్ళరంగు సీసా మూత తిప్పగానే ముక్కుకు తగిలే ఆ ఘాటు మా అమ్మాయికి తలనొప్పి తెప్పిస్తుంది. నాకు మాత్రం విజయనగరంలో నేను కొత్తగా చేరిన ఆఫీసు, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న నూకరత్నం మేడం గుర్తొస్తారు. ఆవిడ మా సూపరింటెండెంటు. ఇప్పుడు లేరు. మొన్న నేను సీసా తీసింది ఆవిడను తలుచుకుందామని కాదు. నా కుడిచేతి వేళ్ళ మీద తెల్లమచ్చలు పాకుతున్నాయి. డాక్టరు బొల్లి అని తేల్చిన దగ్గర్నుంచి ఆ చెయ్యి బయట పెట్టాలంటే సిగ్గు. కూరగాయలావిడకు ఎడమచేత్తో డబ్బులిచ్చి, పొద్దున్నే నాలుగు చీవాట్లు కూడా తిన్నాను.

మేడంకు రెండు చేతులూ మణికట్టు దాకా బొల్లే. అలాంటి మనిషి చేతులు ఫైళ్ళ చాటున పెట్టుకుంటుందనుకుంటాం కదా! ఆవిడ దానిమ్మగింజల రంగు గోళ్ళతో వచ్చేవారు. ఆఫీసులో ఫైళ్ళ తాళ్ళు ముడివేసినా, ఇంట్లో అంట్లు తోమినా వారమంతా ఆ రంగు పెచ్చు లేచేది కాదు. నాది ఆదివారం పూస్తే సోమవారం క్యారేజీ మూత తీసేసరికి ఊడేది. సీసా నాసిరకమనీ, షాపువాడు మోసం చేశాడనీ ఆఫీసంతా వినేలా వాదించాను. వాదించకుండా ఊరుకోవడం నాకు పుట్టుకతోనే రాలేదు.

“ఒసే లాయరమ్మా, రంగేసే ముందు ఏటి సేసినావు?” అని అడిగారు మేడం.

“తలకు నూనె రాసుకున్నాను.”

“ఏ సేత్తో?”

“ఈ చేత్తోనే.”

“మరి షాపువోడినెందుకే తిడతావు? నూనె గోటికి రంగు అంటుకుంటాదేటే?”

ఆ మధ్యాహ్నం అన్నాలయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. నిమ్మరసంలో ముంచిన దూదితో గోరు జిడ్డంతా తుడిచి, ఆరనిచ్చి, పలచగా ఒక పూత వేశారు. అది బాగా ఆరిందాకా నన్ను కదలనివ్వలేదు. మళ్ళీ పలచగా ఇంకో పూత. చివర కుంచెను గోరు అంచు మీదుగా అడ్డంగా లాగారు. “కొసనొగ్గేసినావంటే అక్కణ్నుంచే లెగుస్తాది. ఇయ్యాల ఏన్నీళ్ళలో సెయ్యి ఎట్టకు. వారం మజ్జిలో పైన రంగునేని పూత ఒకటెయ్యి” అన్నారు.

నా నోరు ఊరుకోలేదు. “అందరూ ఆ చేతులనే చూస్తారు కదా మేడం, వాటికింత ఎరుపెందుకు?” అని అడిగేశాను. పక్క బల్ల దగ్గర టైపు మిషను ఆగిపోయింది. మేడం మాత్రం నా చిటికెన వేలు వదల్లేదు.

“ఎలాగూ సూస్తారు కదే. నాను సూపిత్తే సూసినట్టుండాల గానీ, ఆళ్ళు దొంగసాటుగా సూసినట్టుండకూడదు” అన్నారు.

ఆ మాటకు అర్థం నెల్లిమర్లలో చూశాను. మాతో పనిచేసే సావిత్రి బిడ్డను ఉయ్యాలలో వేస్తున్నారు. ఇంటివాళ్ళు అడక్కుండానే మేడం గంధం గిన్నె అందుకుని పేరంటాళ్ళ మెడలకు పూయడం మొదలుపెట్టారు. ఒక ముసలావిడ మెడ వెనక్కి లాక్కుంది. ఉయ్యాల పాట సగంలో ఆగింది. సావిత్రి ముఖం పాలిపోయింది. మేడం గిన్నె దించలేదు.

“బొల్లి అంటుకోదు పిన్నీ. ఈ రంగూ అంటుకోదు, ఎప్పుడో ఆరిపోనాది. మెడ ఇలాగెట్టు.”

ముందు ఎవరో నవ్వారు, తర్వాత ఆ ముసలావిడే నవ్వింది. మెడ చాపింది.

మొన్న కోటబొమ్మాళిలో మా ఆడపడుచు గృహప్రవేశం. ముందురోజు మేడం చెప్పినట్టే గోళ్ళు తుడిచి, పలచగా పూసి, అంచులు కప్పి ఆరబెట్టుకున్నాను. చూసేవాళ్ళను చూడనిద్దామనే వెళ్ళాను. పేరంటాళ్ళు వరసగా కూర్చోగానే ఆడపడుచు గంధం గిన్నె నా ముందు పెట్టింది.

“వదినా, ఇంటికి పెద్దదానివి. నువ్వే పుయ్యాల.”

అప్పటిదాకా పురోహితుడితో ముహూర్తం గురించి తగువు పెట్టుకున్న నేను, “నడుం పట్టేసిందమ్మా, మీ కోడలి చేత పూయించు” అన్నాను. వెనక గదిలో గోడకానుకుని, కుడిచెయ్యి కొంగు కింద పెట్టుకుని కూర్చున్నాను. నలుగురిలో అన్నం కలపాల్సి వస్తుందని ఆకు ముందుకు కూడా వెళ్ళలేదు. మజ్జిగ తాగి ఊరుకున్నాను. ఆడపడుచు పనులన్నీ వదిలేసి వచ్చి నా నడుముకు తైలం రాసింది. నొప్పి లేని నడుముకు ఆవిడ అలా రాస్తున్నంతసేపూ కుడిచెయ్యి కొంగు కిందే ఉంచుకున్నాను.

తిరుగు రైల్లో సంచిలోంచి టిక్కెట్టు తీస్తుంటే కొంగు జారింది. ఎదుటి సీటులో చేపల బుట్ట పెట్టుకున్న ఆవిడ ముందుకు వంగింది.

“ఓలమ్మా, ఏటా రంగు! ఒక్క పెచ్చయినా నెగనేదే. ఇంత బాగా ఏసుకోని సెంగు కింద దాసేసినావేటి?”

ఆవిడ నా మచ్చలు చూసింది. చూసి కూడా రంగు గురించే అడిగింది. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

మేడం గోళ్ళు వారమంతా చాకిరీ చేసి కూడా నిగనిగలాడేవి. నావి ఏ పనీ ముట్టుకోక మిగిలాయి. ఆవిడ నేర్పిన పూత నాకు బాగానే పట్టుబడింది. ఆ గంధం గిన్నె అందుకోవడమే ఇంకా రాలేదు.