డాక్టర్ వెంకటప్పయ్యగారి చెంప పరీక్ష

డాక్టర్ వెంకటప్పయ్యగారికి కనిపించిన చెంపనల్లా వేలితో టక్కుమని కొట్టకపోతే తిన్న అన్నం అరగదు. పంతొమ్మిదివందల నలభైల్లో, బెజవాడ వన్‌టౌన్ మొత్తమ్మీద ఆయన వేలి రుచి చూడని చెంప లేదంటే నమ్మండి. కాలికి మేకు గుచ్చుకుని వచ్చినా సరే, ముందు చెవి పక్కన టక్, ఆ తర్వాతే కట్టు.

ఆయన కొట్టడం, కాంపౌండరు ఇశ్రాయేలు తిట్లు తినడం!

"పుండు కాలికయ్యా! చెంప కొడతాడేమిటి మీ డాక్టరు?" అని బట్టల కొట్టు హనుమయ్య కేకలేస్తే, "అలవాటండీ, మనసులో ఏమీ ఉండదు" అని బతిమాలుకునేవాడు పాపం. ఓ పెళ్ళిలో అక్షింతలు వేస్తూ వేస్తూ డాక్టరుగారు పెళ్ళికొడుకు చెంప వాయించారు. మగపెళ్ళివారు విస్తళ్ళ ముందునుంచి లేచిపోయారు. క్రిస్మస్‌కి ఇశ్రాయేలు ముచ్చటపడి చర్చికి పిలిస్తే, అక్కడ పాస్టరుగారి చెంపే దొరికింది. పాస్టరుగారు చిరునవ్వుతో రెండో చెంప కూడా చూపించారు. డాక్టరుగారు మొహమాటపడకుండా దాన్నీ కొట్టారు. ఆ పూట ఇశ్రాయేలు సిగ్గుతో కేకు ముట్టలేదు.

"ఎందుకు సార్ ఈ గోల?" అనడిగితే, "ఊరికేనోయ్" అనేవారు.

ఓ రోజు పటమట నుంచి నేతపనివారి ఇల్లాలు చౌడేశ్వరమ్మ, కోడలు నాగమల్లేశ్వరిని బండిలో తీసుకొచ్చింది. కిందటేడు కోడలి గొంతులో కంతికి ఆపరేషన్ అయింది. అప్పట్నించీ కండెలకి నూలు చుట్టబోతే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, మూతి చుట్టూ చీమలు పాకినట్టుంటోంది.

"దీనికి దయ్యం పట్టిందండీ! మీవల్ల కాదంటే ఇటునుంచిటే మైలవరం పుట్టింట్లో దింపేస్తా. మళ్ళీ నా గడప తొక్కనివ్వను" అంది అత్తగారు. కోడలు తలొంచుకుని కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఇశ్రాయేలు మనసులోనే ప్రార్థన అందుకున్నాడు. 'ప్రభువా! ఈయన ఈ పిల్ల చెంప జోలికి పోకుండా చూడు తండ్రీ!'

టక్! ముందు అత్తగారికే పడింది.

"ఓరి నీ దుంపతెగ!" అని గయ్యిమంది చౌడేశ్వరమ్మ. ఇంతలో గుమ్మంలో నిలబడ్డ బండివాడికి టక్, ఇశ్రాయేలుకి టక్, అదే ఊపులో కోడలికి టక్. "ఈ పిచ్చి సంగతి విన్నాలే" అని సణుక్కుంటూ చౌడేశ్వరమ్మ తన చెంప తడుముకుంటోంది. టక్కుమనగానే కోడలి పెదవి చివర అదరడం డాక్టరుగారూ, ఇశ్రాయేలూ తప్ప ఎవరూ చూడలేదు.

"ఇశ్రాయేలూ, బ్లడ్ ప్రెషర్ పట్టీ తే!"

జబ్బకి పట్టీ బిగించి గాలి కొట్టారు. కాసేపటికి పిల్ల వేళ్ళన్నీ దగ్గరికి ముడుచుకుపోయాయి. గాలి వదిలారు. వేళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి.

"రబ్బరు పట్టీ చెప్పినట్టు వినే దయ్యాన్ని ఎక్కడైనా చూశావుటమ్మా?"

"లేదండి బాబూ!" అంది చౌడేశ్వరమ్మ నోరు తెరిచి.

"గొంతులో కందిగింజలంత గ్రంథులు నాలుగుంటాయి. పారాథైరాయిడ్ అంటారు. ఆపరేషన్లో అవి దెబ్బతిని ఒంట్లో కాల్షియం పడిపోయింది. అంతే!"

నరానికి కాల్షియం సూది మెల్లగా ఎక్కించారు. కాసేపటికి నాగమల్లేశ్వరి పిడికిలి మూసి, తెరిచి, మళ్ళీ మూసి చూసుకుని పకపకా నవ్వేసింది.

"రోజూ మందు వేసుకుంటే కండెలు చుడుతుందాండీ?" అనడిగింది అత్తగారు.

"చుడుతుంది. నువ్వు తిట్టకపోతే ఇంకా బాగా చుడుతుంది."

బండి మైలవరం దారి పట్టకుండా పటమట వైపే తిరిగింది. ఇశ్రాయేలు ఉండబట్టలేక అడిగాడు. "కాల్షియం తగ్గినవాళ్ళకి చెంప మీద కొట్టగానే పెదవి అదురుతుందన్నమాట! అలా అనుమానం ఉన్నవాళ్ళని కొడితే చాలదా సార్? ఊరందరి చెంపలూ ఎందుకు?"

"ఆ పిల్ల ఒక్కదాని చెంపే ముట్టుకున్నాననుకో, అత్తగారు ఊరుకునేదా? నన్ను నాలుగు తిట్టి, ఇంటికెళ్ళి పిల్లని ఆడిపోసుకునేది. అందర్నీ కొడితే నేను పిచ్చివాణ్ణవుతాను. పిల్లనెవరూ ఏమీ అనరు" అన్నారు డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ.

ఇన్నాళ్ళూ ఈ మహానుభావుడి తరఫున క్షమాపణలు చెప్పుకున్నందుకు ఇశ్రాయేలుకి ఒళ్ళు మండింది, తనమీదే.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి వరండాలో పోలీసు హెడ్డుగారు దగ్గుతూ కూర్చున్నారు. ఇశ్రాయేలు తిన్నగా వెళ్ళి ఆయన చెంప మీద టక్కుమనిపించాడు.

"ఏమయ్యోయ్! నీకూ అంటుకుందా ఈ రోగం?" అని హెడ్డుగారు లాఠీ వెతుక్కున్నారు.

"ఊరు పెద్దదండీ! డాక్టరుగారొక్కరే ఎంతమందినని కొడతారు?" అని ఇశ్రాయేలు పక్క బెంచీ దగ్గరికి నడిచాడు.