కాగితంలో రాని దురద

హన్మకొండ చౌరస్తా దగ్గర మాది పండ్ల దుకాణం. కొనేవాళ్లు కర్బూజను అటూ ఇటూ తిప్పి అనుమానంగా చూస్తుంటే, ఒక ముక్క కోసి మా బిడ్డ చేతిలో పెట్టేవాణ్ని. తను తిని నవ్విందంటే బేరం కుదిరినట్టే. మాటలు నేర్చిన నాటి నుంచీ అదే అలవాటు.

పదకొండో ఏట ఆ నవ్వు ఆగింది. "డాడీ, నోరంత దురద పెడ్తాంది. గొంతుల గుచ్చినట్టయితాంది" అనేది. "పండ్లమ్మేటోళ్ల పిల్లవుండి పండు తినవా? నకరాలు చెయ్యకు" అని మా అమ్మ కసిరేది. నేను బిడ్డను దుకాణం వెనక్కి పంపేసేవాణ్ని. కొనేవాళ్లు వింటారేమోనన్నదే నా భయం, సిగ్గులేని భయం.

పెదవులు ఉబ్బిన రోజు మా ఆవిడ పోరు పడలేక దవాఖానకు తీసుకుపోయాను. ఖాళీ జాగాల్లో పెరిగే వయ్యారిభామ లాంటి మొక్కల పుప్పొడి పడనివాళ్లలో కొందరికి కొన్ని పండ్లు కూడా పడవని, రెండింటిలోనూ ఒకే పోలిక ఉన్న పదార్థాలుంటాయని డాక్టరమ్మ చెప్పింది. రక్తం తీశారు. సూది దిగేటప్పుడు బిడ్డ నా మొహమే చూసింది.

రిపోర్టులో పుప్పొడికి ఎలర్జీ ఉందని వచ్చింది. కర్బూజకు లేదని వచ్చింది. "పండు విషయంల ఈ టెస్టు ఒక్కోసారి తప్పుతది. పాప ఏం చెప్తే అదే నమ్ముండ్రి. మళ్ల నా దగ్గరికి వచ్చేదాంక పండు పెట్టకుండ్రి" అన్నది డాక్టరమ్మ. ఆ మాట చెవిన పడింది గానీ తలకెక్కలేదు. నాకు కనబడ్డది 'లేదు' అన్న అచ్చక్షరాలే. నేనే పరీక్ష పాసైనట్టు ఆ సాయంత్రం గల్లీ అంతా రిపోర్టు చూపించాను.

మర్నాడు ఒక పెద్దమనిషి పండు చేతబట్టి నసుగుతుంటే, ముక్క కోసి బిడ్డకిచ్చాను. ఒక్క క్షణం నన్ను చూసి తిన్నది. నవ్వింది కూడా. ఆయన పండు తీసుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి వెనక్కి తిరిగితే బిడ్డ స్టూలు మీద మెడ పట్టుకుని వంగిపోయి ఉంది. పెదవులు ఉబ్బాయి. ఊపిరి తీస్తుంటే ఈల మోత వస్తోంది.

ఆటోలో దవాఖానకు ఉరికాం. ఇంజెక్షన్ ఇచ్చాక ఊపిరి కుదుటపడింది.

"దురద పెడ్తాంటే నాకెందుకు చెప్పలే బిడ్డా?" అన్నాను.

"కాగితంల లేదన్నవ్ గద డాడీ. నాకే ఉత్తగ అట్ల అనిపిస్తాందనుకున్న."

ఇది జరిగి రెండేళ్లు. ఇంట్లో కర్బూజ ఊసే లేదు. మా అమ్మ కూడా నకరాలన్న మాట మానేసింది. అయినా ఏం లాభం? నేను చెడగొట్టినదాన్ని ఏ డాక్టరూ బాగుచేయలేడు.

మొన్న బడి నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. "జ్వరమొచ్చిందా బిడ్డా?" అని అడిగాను.

"ఏమో డాడీ. థర్మామీటర్ పెట్టి నువ్వే చెప్పు" అన్నది.