ఎర్ర చుక్కల పటం

నిన్న పొద్దున వసారాలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తుంటే పక్కనున్న సెల్లు చిన్నగా మోగింది. చేతులు జిగటగా ఉన్నాయని ముంజేతితోనే దాన్ని ఇటు తిప్పి చూస్తే, విశాఖపట్నంలో ఏదో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి మా పటాల గ్రంథాలయం చూడటానికి అనుమతి కోరుతోందని, ఇస్తారో మానతారో నొక్కమని రెండు గళ్ళు కనిపించాయి. ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఏ వీధిలో, ఏ నూతి దగ్గర ముందుగా కనబడిందో చూపించే పటం మీ దగ్గర ఉందని విన్నాను, అది నా పనికి చాలా అవసరం అని ఆ పిల్ల ఎంతో వినయంగా రాసింది. ఆ గ్రంథాలయం గడప తొక్కిన మనిషి లేక ఏళ్ళయింది. చేతులు కడుక్కుని వచ్చాను గాని చింతపండు మళ్ళీ ముట్టబుద్ధి కాలేదు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను పలాసలో బస్సెక్కి, వజ్రపుకొత్తూరు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పాను. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పాఠానికి ముందు ఆఫీసు గదిలోంచి గుడ్డ పటం చుట్ట తెచ్చి, గోడ మేకుకు తగిలించి విప్పితే గదంతా బొద్దింకల వాసన కొట్టేది. మన ఊరెక్కడ అని పిల్లలడిగితే వేలు పెట్టి చూపించేదాన్ని, ఆ ఒక్క వేలి కింద టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా అన్నీ మునిగిపోయేవి. పటంలో తన ఊరు లేదని ఒక ఏడు ఒక పిల్ల నిజంగానే ఏడ్చింది. పిల్లల ఏడుపుకు కరిగే రకాన్ని కాను నేను, నా బెత్తానికి బడిలో వేరే పేరుండేది, అయినా ఆ ఏడుపు న్యాయమైనదనిపించి అప్పటినుంచి ఏటా ఏడో తరగతి పిల్లల్లో ఎవరి ఊరి పటం వాళ్ళచేత గీయించడం మొదలుపెట్టాను.

పటాలంటే కొలతలూ దిక్కులూ ఉంటాయనుకోకండి. రోజూ చూసే సముద్రానికి ఒక గీత గీసి ఊరుకుని, మావయ్య లారీని సగం కాగితం నిండా వేసినవాడొకడు, తమ పనసచెట్టును చర్చి కన్నా ఎత్తుగా వేసిన పిల్ల ఒకతె. కానీ నూతుల దగ్గర మాత్రం ఆడపిల్లలు ఎన్నడూ తప్పలేదు, ఏ నూతి నీళ్ళు తియ్యన, ఏవి ఉప్పన, ఏవి పశువులకే పనికొస్తాయి, అన్నీ రాసేవారు. బిందె మోసేది వాళ్ళే కదా. ఆ పటాలన్నీ మా డ్రాయింగు మాస్టారు సరిదిద్ది, నీలం సిరాతో నూతుల మీద చుక్కలు పెట్టి, ఏడాది వారీగా కట్టలు కట్టి ఒక రేకు పెట్టెలో దాచేవారు. ఆయనది ఆ పక్క ఊళ్ళోనే కొబ్బరితోటలున్న రైతు కుటుంబం, అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. మాటలు తక్కువ, చేతిలో పనితనం ఎక్కువ.

మేమిద్దరం రిటైరయ్యే రోజుల్లో వచ్చిన పెద్ద తుఫానుకు ఉద్దానంలో కొబ్బరి నిలువునా నేలకొరిగింది, బడి పెంకులు లేచిపోయి పెట్టె నిండా నీళ్ళు చేరాయి. తన తోటంతా పడిపోయి ఉంటే మాస్టారు ఆ సంగతి పక్కన పెట్టి, తడిసిన పటాలను ఒక్కొక్కటే విడదీసి పెరట్లో పరిచి ఎండబెట్టారు. ఆరినవాటిని ఏడాది తిరక్కుండానే చెదలు తినేశాయిలెండి, అది వేరే మాట, కానీ ఈలోగా ఆయన వాటన్నిటినీ సెల్లులో ఫొటోలు తీసి ఉంచారు, వాన తడపని చోటొకటి ఇంటర్నెట్టులో ఉందట, అక్కడ పెడదామని నాకు చెప్పారు. అలా మొదలైంది మా గ్రంథాలయం. అరవై దాటిన ఇద్దరం పొద్దున్నే మా వసారాలో కూర్చుని అక్షరాలు కొత్తగా నేర్చుకునేవాళ్ళలాగా తంటాలు పడేవాళ్ళం, మా ఆయన మాకు టీ పెట్టి ఇచ్చి, ఈ వయసులో మళ్ళీ బడా అని నవ్వేవారు. ఏ వరసలో సర్దాలన్న దాని మీద పది రోజులు దెబ్బలాడుకున్నాం. నేను ఏడాది వారీగా అన్నాను, ఆయన ఊరి వారీగా అన్నారు, అదైనా అక్షరక్రమం కాదట, పలాసలో బస్సెక్కితే ఊళ్ళు ఎలా వస్తాయో అలా ఉండాలట. చివరికి ఆయన మాటే నెగ్గింది. లోకంలో బస్సు ఆగే వరసలో పుస్తకాలు సర్దిన గ్రంథాలయం మాదొక్కటే అయ్యుంటుంది, పాత విద్యార్థులు మాత్రం వెతుక్కోకుండానే తమ ఊళ్ళో దిగిపోయేవారు.

పటాలయ్యాక ఆశ పెరిగింది. పాత ఫొటోలు, పట్టాలు, ముసలివాళ్ళు చెప్పిన ఊరి కథలు ఎక్కించాం. మా సంఘం పెద్దలను బతిమాలి బాప్టిస్టు చర్చిలోని పాత సమాధుల రిజిస్టరు కూడా తెచ్చి పేజీ పేజీ ఫొటో తీశాం. అందులో పేరుకెదురుగా చనిపోయిన కారణం రాసేవారు. ఈ జబ్బుకు ఒక పేరుందని ఎవరికీ తెలియని రోజుల్లో ఎవరో పాస్టరుగారు ఒక్కొక్కరి పక్కన కాళ్ళు పొంగి అని మాత్రం రాశారు. పేజీ తిప్పితే కాళ్ళు పొంగి, ఇంకో పేజీ తిప్పితే కాళ్ళు పొంగి. నా చిన్నతనంలో అలా కాళ్ళు పొంగినవారి ఇంటికి మా అమ్మతో వెళ్ళడం నాకు గుర్తే, వీధి వీధంతా వెళ్ళేది, మంచం చుట్టూ చోటుండేది కాదు, ఎవరూ ఎవరి దగ్గరా దాచినది లేదు. ఆ పేర్లు చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరించి, ఈ ఇళ్ళను పిల్లల పటాల మీద గుర్తిస్తే ఏ నూతి చుట్టూ ఎక్కువున్నాయో చదువుకున్నవాళ్ళెవరైనా చూసి కారణం తేలుస్తారు కదా అన్నాను. కారణం ఈనాటికీ తేలలేదు, అది మీకూ తెలుసు.

అలా మొదలయ్యాయి ఎర్ర చుక్కలు. నీలం చుక్క నుయ్యి, ఎర్ర చుక్క ఆ జబ్బు వచ్చిన ఇల్లు. అన్ని ఊళ్ళూ కలిపి ఒక పెద్ద పటం తయారుచేసి, మొట్టమొదటి ఎర్ర చుక్క మాస్టారు తన ఇంటి మీదే పెట్టారు, అంతకు ముందు ఏడాదే ఆయన తమ్ముడు ఆ జబ్బుతో పోయాడు. పెట్టి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఊరికొకరు చొప్పున పాత విద్యార్థులకు పటంలో మార్పులు చేసే వీలు కూడా ఇచ్చాం, వాళ్ళు వాళ్ళ వీధులు నింపారు, చూసే వీలైతే లోకానికంతటికీ ఇచ్చాం. దాచిన చరిత్ర చరిత్రే కాదని పాఠం చెప్పినదాన్ని, తలుపు మూసిపెట్టే గ్రంథాలయం నాకెందుకు అనుకున్నాను. ఆ పొగరు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ముందుగా అసలు మాట చెప్పింది ఒక ముసలావిడ. మనవడి సెల్లులో తన ఇంటి మీద చుక్క చూసి, బస్టాండులో నన్ను పట్టుకుని, "ఏటమ్మా, మా సావులు కూడా సెల్లుల్లో పెట్టేత్తన్నారా?" అని అడిగింది. ఇది రాబోయే తరాల మంచి కోసమని నేను పెద్ద పాఠమే చెప్పాను, ఆవిడ వినలేదు, నేనూ వినలేదు. మా వైపు సంబంధం కుదరాలంటే ముందు వాకబు చేయడం ఆచారం, పిల్ల ఇంటి చుట్టుపక్కల నలుగురిని అడిగి, టీకొట్టు దగ్గర కూర్చుని, ఆ ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బుందా అని గుట్టుగా కనుక్కునేవారు. అడిగినవాళ్ళకు ఇరుగుపొరుగువారు దయతలచి అబద్ధం చెప్పేవారు, ఆ అబద్ధాల మీదే ఎన్నో పెళ్ళిళ్ళు అయ్యాయి. మా పటం వచ్చాక ఎవరినీ అడగక్కర్లేకపోయింది. పలాసలో సంబంధాలు కుదిర్చే పెద్దమనిషొకాయన మా లంకెను సెల్లులో దాచుకుని, ఊరి పేరు చెప్పగానే తెరిచి చూపిస్తున్నాడని తెలిసినప్పుడు కూడా, నిజం చెబితే తప్పేమిటని అన్నాను నేను.

ఆ వేసవిలో ఒక పొద్దున మాస్టారు వచ్చారు. తమ్ముడి కూతురికి టెక్కలి నుంచి సంబంధం వచ్చింది, పిల్లవాడు బుద్ధిమంతుడు, పిల్లకూ ఇష్టమే, మరో నాలుగు రోజుల్లో వాళ్ళు మాట పక్కా చేసుకోవడానికి వస్తారు. అంతా చెప్పి, "ఒక్క సుక్క తీసీండి మేడమ్ గారూ. పిల్ల పెళ్ళైపోయినాక మళ్ళీ పెట్టీండి. సుక్కేటి, ఎక్కడికీ పోదు కదా," అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఈ రోజు మీకు తీస్తే రేపు అందరికీ తీయాలి మాస్టారూ, అప్పుడిక పటం ఎందుకు అన్నాను, తరగతిలో మాట్లాడినట్టే మాట్లాడాను. ఆయన లేచి వెళ్ళిపోయారు. నన్ను ఇప్పటికీ కోసేది ఏమిటంటే, నాకున్న అధికారమే ఆయనకూ ఉంది, ఇంట్లో కూర్చుని తన వేలితో తానే తీసేసుకోవచ్చు, ఆ చుక్క పెట్టింది కూడా తనే. అయినా నా మాట లేకుండా తీయకూడదని అడగడానికి వచ్చారు, కాదన్నాక తీయలేదు. సంబంధం తప్పిపోయింది.

ఆ కబురు ఊళ్ళన్నీ తిరిగింది. మర్నాటి నుంచి చుక్కలు మాయమవడం మొదలైంది. మార్పులు చేసే వీలు మేమే ఇచ్చాం కదా, మా విద్యార్థులే వాళ్ళ వాళ్ళ ఇళ్ళ మీదివీ, ఇరుగుపొరుగువారివీ తీసేస్తున్నారు. నేను మొండిదాన్ని, తీసినవి రోజూ పొద్దున్నే కూర్చుని గుర్తున్నంతవరకు మళ్ళీ పెట్టేదాన్ని, హాజరుపట్టీ దిద్దినట్టు. అలా ఒక నెల గడిచిందో లేదో, మా ఆయన కాళ్ళు పొంగాయి.

రిపోర్టు చేతిలో పట్టుకుని పలాస ఆసుపత్రి మెట్లు దిగుతున్నప్పుడు నాకు మొదట తోచినది ఆయన ప్రాణం కాదు, పటం మీద మా ఇల్లు. అప్పుడు మా అబ్బాయికి సంబంధం ఖాయమయ్యేలా ఉంది. ఆ రోజు నుంచి పడిపోయిన చుక్కలను తిరిగి పెట్టడం మానేశాను, మా ఇంటి మీద చుక్క పెట్టనూ లేదు. అడిగినవారికి సుగరన్నాను. ఆదివారం ప్రార్థన విన్నపాలు చెప్పుకునే వేళ లేచి నిలబడి, మా ఆయన సుగరు తగ్గాలని సంఘమంతా ప్రార్థించండి అని కోరాను, అందరూ కళ్ళు మూసుకుని లేని జబ్బు కోసం ప్రార్థించారు. అబ్బాయి పెళ్ళయిపోయింది. పెళ్ళయిన మూడో నెలలో కోడలికి అసలు జబ్బు సంగతి తెలిసింది, ఒక్క మాట అనలేదు, ఆ ఒక్క మాటా అనేసి ఉంటే నాకు బాగుండేది. ఆ లోపల పటం మీద చుక్కలన్నీ అయిపోయాయి, రిజిస్టరు పేజీలు కూడా తీసేయమని సంఘం పెద్దలు అడిగితే మారుమాట లేకుండా తీసేసి, అడిగి అనుమతి తీసుకున్నవారికే తెరుచుకునేలా గ్రంథాలయానికి తలుపు వేసేశాను.

మందులతో మరో రెండు మూడేళ్ళు నెట్టుకొచ్చాక, మా ఆయనను డయాలసిస్ కోసం తీసుకెళ్ళిన చోట సూది గుచ్చిన పిల్లను చూసి నేను ముఖం తిప్పుకున్నాను. మాస్టారి తమ్ముడి కూతురే. ఆ సంబంధం పోయాక మరి పెళ్ళి మాట ఎత్తనివ్వలేదట, డయాలసిస్ చేసే చదువు చదివి అక్కడే పనిలో చేరింది. రెండేళ్ళు మా ఆయనను కన్నకూతురు చూసినట్టు చూసింది, పటం ఊసు ఎన్నడూ తేలేదు. ఆయన పోయినప్పుడు మాస్టారు కూడా సమాధులతోటకు వచ్చి, పిడికెడు మట్టి వేసి, నాకొక నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఇప్పుడూ సోంపేట సంతలో ఎదురుపడితే ఆ నమస్కారమే, అంతకు మించి మా మధ్య ఏమీ లేదు.

నెల్లాళ్ళ తర్వాత నేను ఉండబట్టలేక ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, మా ఇంటి మీద కూడా చుక్క పెడతానమ్మా అన్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాక అలా అడిగాను. ఆ పిల్ల చేతి తొడుగులు విప్పుకుంటూ నావైపు నిదానంగా చూసి, "ఇప్పుడు పెట్టి ఏటి సేత్తారు మేడమ్, పక్కన ఇంకొక్కటీ లేదు," అంది. కోపంగా అనలేదు, ఉన్న మాట అన్నది. నేను ఇంటికి వచ్చేశాను.

నిన్న చాలా రోజులకు ఆ పటం తెరిచాను. పలాసలో బస్సెక్కినట్టే ఒక్కొక్క ఊరే దాటుకుంటూ సముద్రం దాకా వెళ్ళాను, నీలం నూతులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, లారీ ఉంది, పనసచెట్టు ఉంది. ఎర్రటివి ఒక్కటీ లేదు. కొన్ని ఇళ్ళు నాకు ఇంకా గుర్తే, ముసలావిడ ఇల్లు, మాస్టారి ఇల్లు, రిజిస్టరులో చూసిన పేర్ల ఇళ్ళు, వేలు వాటి మీదికి వెళ్ళింది గాని వెనక్కి తీసుకున్నాను, అవి నావి కావు. కాళ్ళు పొంగి అన్న రెండు ముక్కలే తెలిసిన రోజుల్లో ఆ ఇంటికి ఊరంతా నడిచి వచ్చేది, జబ్బుకు పేరొచ్చి, ఆ పేరుకు పటమొచ్చాక ఊరు ఆ ఇంటిని తప్పించుకుని నడవడం నేర్చుకుంది, ఆ దారి గీసి ఇచ్చినదాన్ని నేనే. జబ్బు మాత్రం పటంలోంచి పోయిందే తప్ప ఊళ్ళలోంచి పోలేదు.

చివరికి మా ఇంటి మీద ఒక చుక్క పెట్టి, ఆ విశాఖపట్నం పిల్లకు అనుమతి ఇస్తున్నట్టు నొక్కాను. ఈపాటికి చూసే ఉంటుంది. పలాస నుంచి సముద్రం దాకా ఇన్ని ఊళ్ళ మీద ఆ పిల్లకు ఒకే ఒక్క ఎర్ర చుక్క కనబడుతుంది, మా పటాన్నే నమ్మితే ఉద్దానం మొత్తంలో ఆ జబ్బుతో పోయినవారు మా ఆయన ఒక్కరేనని రాసుకోవాలి.